బ్యాక్టీరియా ఏ ప్రోటీన్‌ను ఎప్పుడు తయారు చేస్తుంది?

మనిషి పెద్దపేగులో ఈ.కోలై అనే బ్యాక్టీరియా నివసిస్తుంది. 1885లో థియోడర్ ఎషరిష్ అనే పిల్లల వైద్యుడు దీన్ని పసిబిడ్డల మలంలో గుర్తించారు. పూర్తి పేరు ఎషరీషియా కోలై. పొడవు మిల్లీమీటరులో సుమారు ఐదు వందల్లో ఒక వంతు. అంత చిన్న కణంలో దాదాపు 4,300 రకాల ప్రోటీన్లను తయారు చేయగల జన్యువులు ఉన్నాయి. అయితే ఆ ప్రోటీన్లన్నీ ఒకే సమయంలో తయారు కావు. కొన్ని ఎప్పుడూ తయారవుతూనే ఉంటాయి. కొన్ని పాలు దొరికినప్పుడే తయారవుతాయి. కొన్ని వేడి పెరిగినప్పుడు, కొన్ని ఆకలి వేసినప్పుడు. మరికొన్ని ఆ కణం జీవితకాలంలో ఒక్కసారి కూడా తయారు కాకపోవచ్చు.

ఇందుకు కారణం ఖర్చు. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసుకు ఒక్కొక్క అమైనో ఆమ్లాన్ని చేర్చడానికి కణం శక్తి వెచ్చించాలి. పాలలోని లాక్టోజ్ చక్కెరను విడగొట్టే ఎంజైమును తీసుకుంటే, దాని ఒక్క గొలుసులోనే వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు ఉంటాయి. అలాంటి నాలుగు గొలుసులు కలిస్తేగానీ ఒక ఎంజైమ్ అణువు పూర్తి కాదు. పాలే లేని చోట ఆ ఎంజైమును వేల సంఖ్యలో తయారు చేసే బ్యాక్టీరియా, పక్కనున్న దానికంటే నెమ్మదిగా పెరుగుతుంది. అన్నీ అనుకూలిస్తే ఈ.కోలై ఇరవై నిమిషాలకొకసారి రెండుగా చీలుతుంది. ఆ పోటీలో కాస్త వెనకబడినా, కొద్ది రోజుల్లోనే దాని సంతతి కనుమరుగవుతుంది. అందువల్ల ప్రోటీన్ తయారు చేయడం ఎంత ముఖ్యమో, అవసరం లేనప్పుడు తయారు చేయకుండా ఉండడమూ అంతే ముఖ్యం. బ్యాక్టీరియాలో జన్యువుల అదుపు అంతా ఈ రెండో పని చుట్టూనే తిరుగుతుంది.

ప్రోటీన్ తయారీ దారిని ముందుగా చూడాలి. జన్యువు డీఎన్‌ఏలో ఉంటుంది. అది అక్కడి నుంచి కదలదు. ఆర్‌ఎన్‌ఏ పాలిమరేజ్ అనే యంత్రాంగం ఆ జన్యువు మీదుగా జరుగుతూ ఒక నకలు తీస్తుంది. ఆ నకలు పేరు మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ. రైబోసోమ్ అనే మరో యంత్రాంగం ఆ నకలును మూడేసి అక్షరాల చొప్పున చదువుతుంది. చదివిన ప్రతి మూడక్షరాలకూ ఒక అమైనో ఆమ్లాన్ని గొలుసుకు చేరుస్తుంది. అంటే ముందు డీఎన్‌ఏ, తరువాత నకలు, ఆ తరువాత ప్రోటీన్. ఈ మూడు మెట్లు గుర్తుంటే చాలు. తక్కిన కథంతా ఏ మెట్టు దగ్గర అదుపు ఎలా పనిచేస్తుందన్నదే.

మనిషి కణంలో డీఎన్‌ఏ కేంద్రకంలో ఉంటుంది. నకలు కేంద్రకం దాటి బయటికి వచ్చాకే రైబోసోమ్ దాన్ని చదువుతుంది. బ్యాక్టీరియాకు కేంద్రకం లేదు, మధ్యలో గోడ లేదు. అందుకని నకలు ఇంకా సగం తయారవుతూ ఉండగానే దాని మొదటి కొసను రైబోసోమ్ అందుకుంటుంది. 1970లో ఆస్కార్ మిల్లర్ బృందం తీసిన ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు చిత్రాల్లో ఇది కంటికి కనిపించింది. డీఎన్‌ఏ పోగు నుంచి ఆర్‌ఎన్‌ఏ పోగులు పక్కకు వేలాడుతున్నాయి. ఒక్కొక్క పోగు మీద రైబోసోములు వరసగా ఉన్నాయి. పాలిమరేజ్ సెకనుకు నలభై యాభై అక్షరాలు రాస్తుంది. రైబోసోమ్ సెకనుకు సుమారు పదిహేను అమైనో ఆమ్లాలు చేరుస్తుంది. పదిహేనును మూడుతో గుణిస్తే నలభై అయిదు. రాసే వేగమూ చదివే వేగమూ ఒకటే. ముందు ఒకటి, దాని వెనకాలే మరొకటి. ఈ దగ్గరితనం తరువాత చాలా పనికొస్తుంది.

మరో సంగతి కూడా ఉంది. బ్యాక్టీరియాలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఆయుష్షు చాలా తక్కువ. చాలా నకళ్లు కొద్ది నిమిషాల్లోనే ముక్కలైపోతాయి. తీసిన నకలు పదిలంగా ఉంటే, అవసరం తీరిన తరువాత కూడా ప్రోటీన్ తయారవుతూనే ఉండేది. నకలు త్వరగా చెడిపోతుంది కాబట్టే, కొత్త నకలు తీయడం ఆపితే చాలు, నిమిషాల్లో ఉత్పత్తి ఆగిపోతుంది. ఒక్క క్షణం అది వృథాలా అనిపిస్తుంది. నిజానికి బ్యాక్టీరియా చురుకుదనానికి ఆధారం అదే.

ఇక్కడి నుంచి కథ 1940 నాటి పారిస్‌కు వెళ్తుంది. నగరం జర్మన్ సైన్యం చేతిలో ఉంది. జాక్ మొనో అనే యువ శాస్త్రవేత్త సోర్బాన్ విశ్వవిద్యాలయంలో డాక్టరేటు కోసం బ్యాక్టీరియా పెరుగుదలను కొలుస్తున్నారు. పోషక ద్రవంలో రెండేసి చక్కెరలు కలిపి బ్యాక్టీరియాను పెంచుతారు. ద్రవం ఎంత మసకబారితే అన్ని కణాలు పెరిగినట్టు. కొన్ని జంటలతో పెరుగుదల ఒకే గీతగా సాగింది. గ్లూకోజ్, లాక్టోజ్ లాంటి జంటలతో మాత్రం గీత రెండు ముక్కలైంది. బ్యాక్టీరియా కొంతసేపు చకచకా పెరిగింది. తరువాత ఆగిపోయింది. కొంత విరామం తరువాత మళ్లీ పెరగడం మొదలుపెట్టింది. ముందు గ్లూకోజ్ మొత్తం తినేసింది. అది అయిపోయాక ఆగింది. అప్పుడు లాక్టోజ్ మొదలుపెట్టింది.

ఆ విరామంలో ఏం జరుగుతోంది? మొనో ఈ గీతను పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లో పనిచేసే ఆంద్రే ల్వాఫ్‌కు చూపించారు. కొన్ని ఎంజైములు ఆహారాన్ని బట్టి కొత్తగా పుట్టుకొస్తాయనీ, దీనికి అదే కారణం కావచ్చనీ ల్వాఫ్ సూచించారు. మొనో ఆనాటి వరకూ ఆ విషయం గురించి పెద్దగా వినలేదు. అప్పటి నుంచి పాతికేళ్లు ఆ ఒక్క ప్రశ్నను విడిచిపెట్టలేదు. యుద్ధకాలంలో ఆయన ఫ్రెంచ్ ప్రతిఘటన ఉద్యమంలో రహస్యంగా పనిచేశారు. యుద్ధం ముగిశాక ల్వాఫ్ ప్రయోగశాలలో చేరారు.

లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైమ్ పేరు బీటా గెలాక్టోసిడేజ్. లాక్టోజ్ లేని ద్రవంలో పెరిగిన ఈ.కోలై కణంలో ఇది ఏ కొన్ని అణువులో ఉంటుంది. లాక్టోజ్ తగిలితే నిమిషాల్లో వేలకు చేరుతుంది. ఈ ఎంజైమ్ అప్పటికే కణంలో ఏదో పాత రూపంలో ఉండి మారుతోందా, లేక మొదటి నుంచీ కొత్తగా తయారవుతోందా? రేడియోధార్మిక గంధకాన్ని వాడి మొనో సహచరులు తేల్చిన సమాధానం ఒక్కటే. ఎంజైమ్ పూర్తిగా కొత్తగానే తయారవుతోంది. మరో వింత కూడా బయటపడింది. లాక్టోజ్‌ను పోలి ఉండి, బ్యాక్టీరియాకు ఏమాత్రం జీర్ణం కాని రసాయనాలు కూడా ఎంజైమ్ తయారీని పురికొల్పాయి. అంటే ఎంజైమ్ చేసే పనికీ, ఎంజైమును తయారు చేయమన్న కబురుకూ సంబంధం లేదు. కబురు అందుకునేది వేరే ఏదో ఉంది.

దాన్ని పట్టుకోవడానికి మరొకరు కావలసి వచ్చారు. ఫ్రాంస్వా జాకోబ్ వైద్య విద్యార్థి. సర్జన్ కావాలని ఆశ. 1940లో చదువు మధ్యలో వదిలి లండన్‌లోని ఫ్రెంచ్ సేనల్లో చేరారు. 1944లో నార్మండీ దగ్గర తీవ్రంగా గాయపడ్డారు. ఆ గాయాలతో శస్త్రచికిత్సలు చేయడం సాధ్యం కాదు. 1950లో ల్వాఫ్ ప్రయోగశాలకు వచ్చి, బ్యాక్టీరియాను తినే వైరసుల మీద పని మొదలుపెట్టారు. కొన్ని వైరసులు బ్యాక్టీరియా డీఎన్‌ఏలో దూరి తరాలపాటు నిద్రపోతాయి. ఒక రోజు మేల్కొంటాయి. వాటిని నిద్రలో ఉంచేది ఏమిటన్నది జాకోబ్ ప్రశ్న. మొనో ప్రశ్న చక్కెర గురించి. రెండూ ఒకే నడవాకు రెండు కొసల్లో సాగుతున్న వేరు వేరు పనులు.

1950ల చివర్లో అమెరికా నుంచి వచ్చిన ఆర్థర్ పార్డీతో కలిసి ఈ ఇద్దరూ ఒక ప్రయోగం చేశారు. బ్యాక్టీరియాలో ఒక కణం తన డీఎన్‌ఏను గొట్టం లాంటి వంతెన గుండా మరో కణంలోకి పంపగలదు. పుచ్చుకునే కణానికి రెండు లోపాలు ఉన్నాయి. ఎంజైమ్ జన్యువు చెడిపోయింది. దాన్ని అదుపు చేసే జన్యువూ చెడిపోయింది. ఇచ్చే కణంలో రెండూ మంచివే. ద్రవంలో లాక్టోజ్ లేదు. మంచి జన్యువులు రెండూ పుచ్చుకునే కణంలోకి వెళ్లాయి. ఏమైంది?

వెళ్లిన కొద్ది నిమిషాలకే ఎంజైమ్ తయారు కావడం మొదలైంది. లాక్టోజ్ లేకపోయినా సరే. కొంతసేపు తయారైంది. ఆ తరువాత ఆగిపోయింది. అప్పుడు లాక్టోజ్ లాంటి రసాయనం కలిపితే మళ్లీ మొదలైంది.

ఈ ఫలితం నెమ్మదిగా ఆలోచించదగినది. అదుపు జన్యువు ఎంజైమును ‘తయారు చెయ్యి’ అని చెప్పేదైతే, చెడిపోయిన కణంలో ఎంజైమ్ పుట్టకూడదు. కానీ పుట్టింది. మంచి అదుపు జన్యువు వచ్చి కొంత సమయం గడిచాకే ఆగింది. అంటే ఆ జన్యువు చెప్పేది ‘తయారు చెయ్యి’ అని కాదు. ‘తయారు చెయ్యకు’ అని. ఆ జన్యువు ఏదో ఒక పదార్థాన్ని తయారు చేస్తోంది. ఆ పదార్థం పోగయ్యేదాకా ఎంజైమ్ తయారైంది. పోగయ్యాక ఆగింది. లాక్టోజ్ వచ్చి ఎంజైమును పుట్టించడం లేదు. అడ్డును తొలగిస్తోంది. అంతకు ముందు భౌతిక శాస్త్రవేత్త లియో జిలార్డ్ ఇలా అడ్డు తొలగడం గురించి మొనోతో గట్టిగా వాదించారు. 1958 వేసవిలో ఒక రోజు పారిస్ సినిమా హాల్లో కూర్చున్న జాకోబ్‌కు తట్టింది: నిద్రపోయే వైరసుకూ, లాక్టోజ్ ఎంజైముకూ ఉన్న ఏర్పాటు ఒకటే. రెండిటిలోనూ ఏదో ఒకటి నేరుగా డీఎన్‌ఏ మీద కూర్చుని జన్యువును మూసి ఉంచుతోంది.

1961లో జాకోబ్, మొనో ఈ అవగాహనను ఒక దీర్ఘ వ్యాసంగా ప్రచురించారు. అందులోని ముఖ్యమైన మాట ఆపరాన్. లాక్టోజ్‌కు సంబంధించి మూడు జన్యువులు డీఎన్‌ఏ మీద పక్కపక్కనే ఉన్నాయి. ఒకటి లాక్టోజ్‌ను విడగొట్టే ఎంజైముకు. ఒకటి లాక్టోజ్‌ను బయటి నుంచి లోపలికి తెచ్చే ప్రోటీన్‌కు. మూడోది మరో చిన్న ఎంజైముకు. మూడింటికీ కలిపి ఒకే నకలు. ఆ మూడింటికీ ముందు డీఎన్‌ఏలో ఒక చిన్న భాగం ఉంది, దాని పేరు ఆపరేటర్. అదుపు జన్యువు తయారు చేసే ప్రోటీన్ పేరు రిప్రెసర్. రిప్రెసర్ ఆపరేటర్ మీద కూర్చుంటే పాలిమరేజ్ ముందుకు కదలదు. పొలం కాలువ తూముకు అడ్డుపలక దించినట్టు. పలక ఒక్కటే, దాని దిగువన మడులు మూడు. పలక ఎత్తితే మూడింటికీ ఒకేసారి నీరు పారుతుంది. దించితే మూడూ ఆగుతాయి.

అదే వ్యాసంలో మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అనే ఊహ కూడా ఉంది. అదే సంవత్సరం దాన్ని ప్రయోగాలతో రుజువు చేశారు. 1965లో జాకోబ్, ల్వాఫ్, మొనోలకు నోబెల్ బహుమతి వచ్చింది. అప్పటికి రిప్రెసర్‌ను కంటితో చూసినవారు గానీ, గొట్టంలో పట్టుకున్నవారు గానీ లేరు. 1966లో హార్వర్డ్‌లో వాల్టర్ గిల్బర్ట్, బెన్నో ముల్లర్ హిల్ దాన్ని వేరు చేశారు. అది ఒక ప్రోటీనే. కణం మొత్తంలో పది అణువుల లెక్కలో ఉంటుంది. అంత తక్కువ ఉన్నదాన్ని పట్టుకోవడం ఆ రోజుల్లో అసాధారణమైన పని.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. లాక్టోజ్ లోపలికి వస్తేనే రిప్రెసర్ తొలగుతుంది. కానీ లాక్టోజ్‌ను లోపలికి తెచ్చే ప్రోటీన్ జన్యువును కూడా రిప్రెసరే మూసి ఉంచింది. మరి మొదటి లాక్టోజ్ అణువు లోపలికి ఎలా వస్తుంది? సమాధానం ఆ మూతలోనే ఉంది. తూము పలక ఎంత బిగించినా కాస్త నీరు ఊరుతుంది. అలాగే రిప్రెసర్ అప్పుడప్పుడు క్షణం పాటు డీఎన్‌ఏను వదులుతుంది. ఆ కాస్త సందులో ఒక నకలు తయారవుతుంది. దానితో కొన్ని అణువుల ఎంజైమ్, కొన్ని అణువుల రవాణా ప్రోటీన్ కణంలో ఎప్పుడూ ఉంటాయి. అవి కాస్త లాక్టోజ్‌ను లోపలికి తెస్తాయి. ఎంజైమ్ దానిలో కొంత భాగాన్ని అల్లోలాక్టోజ్‌గా మారుస్తుంది. రిప్రెసర్‌ను పట్టుకుని డీఎన్‌ఏ నుంచి తప్పించేది ఈ అల్లోలాక్టోజే. పూర్తిగా మూసేసిన జన్యువుకు బయటి ప్రపంచం మారిందని తెలిసే వీలే లేదు. ఆ కొద్దిపాటి ఊట వల్లే బ్యాక్టీరియా పాలు వచ్చిన సంగతి తెలుసుకోగలుగుతోంది.

దీని ఫలితంగా మరో విచిత్రం. 1957లో ఆరన్ నోవిక్, మిల్టన్ వైనర్ ఒక ప్రయోగం చేశారు. ఎంజైమును పురికొల్పే రసాయనాన్ని చాలా తక్కువ మోతాదులో ఇచ్చారు. అన్ని కణాలూ కొద్దికొద్దిగా ఎంజైమ్ తయారు చేస్తాయని ఎవరైనా అనుకుంటారు. అలా జరగలేదు. కొన్ని కణాలు పూర్తి స్థాయిలో తయారు చేశాయి. కొన్ని అసలు తయారు చేయలేదు. ఎందులో ముందుగా నాలుగు రవాణా ప్రోటీన్లు ఎక్కువ తయారైతే అందులోకి రసాయనం ఎక్కువ వస్తుంది. అది ఇంకా ఎక్కువ ప్రోటీన్లను తయారు చేయిస్తుంది. ఒకే డీఎన్‌ఏ, ఒకే ద్రవం, అయినా రెండు రకాల నడవడి. జన్యువులు ఒకటే అయితే ప్రవర్తన ఒకటే కావాలన్న నియమం లేదని, అక్షరాలా ఒకే తల్లి కణం పిల్లలు చూపించాయి.

మొనో గీతలో కనిపించిన గ్లూకోజ్ ప్రాధాన్యం సంగతి ఇంకా మిగిలి ఉంది. గ్లూకోజ్, లాక్టోజ్ రెండూ ఉన్నప్పుడు లాక్టోజ్‌ను ఎందుకు పక్కన పెడుతుంది? గ్లూకోజ్‌ను లోపలికి తెచ్చే యంత్రాంగం, పని చేస్తున్నంతసేపూ, లాక్టోజ్ రవాణా ప్రోటీన్‌ను అడ్డుకుంటుంది. లాక్టోజ్ లోపలికే రాదు. గ్లూకోజ్ అయిపోతే ఆ అడ్డు తొలగుతుంది. దానికి తోడు కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది ఒక ప్రోటీన్‌తో జతకట్టి, లాక్టోజ్ జన్యువుల ముందు డీఎన్‌ఏ మీద కూర్చుంటుంది. ఈసారి కూర్చునేది అడ్డు పెట్టడానికి కాదు, పాలిమరేజ్‌ను పిలిచి నిలబెట్టడానికి. అంటే లాక్టోజ్ జన్యువులు బాగా పనిచేయాలంటే రెండు షరతులు. లాక్టోజ్ ఉండాలి. గ్లూకోజ్ ఉండకూడదు. రెండూ కుదిరినప్పుడే తయారీ జోరందుకుంటుంది. మొనో చూసిన విరామం ఈ మార్పిడికి పట్టిన సమయమే.

లాక్టోజ్ తినవలసిన వస్తువు. ట్రిప్టోఫాన్ తయారు చేసుకోవలసిన వస్తువు. అది ఒక అమైనో ఆమ్లం. బయట దొరికితే బ్యాక్టీరియా దాన్ని తీసుకుంటుంది. దొరకకపోతే అయిదు జన్యువుల సాయంతో తానే తయారు చేసుకుంటుంది. ఇక్కడ రిప్రెసర్ తిరగేసి పనిచేస్తుంది. ట్రిప్టోఫాన్ దండిగా ఉంటే అది రిప్రెసర్‌తో కలిసి జన్యువులను మూస్తుంది. లేకపోతే తెరుస్తుంది. ఇంతవరకూ తేలికే. కానీ స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ యనోఫ్‌స్కీ బృందానికి ఒక వింత ఎదురైంది. రిప్రెసర్ చెడిపోయిన కణాల్లో కూడా ట్రిప్టోఫాన్‌ను బట్టి తయారీ కొంత మారుతూనే ఉంది. అంటే రెండో అదుపు ఏదో ఉండాలి.

ఆ రెండో అదుపు జీవశాస్త్రంలోని అత్యంత అందమైన ఏర్పాట్లలో ఒకటి. అయిదు జన్యువుల నకలు మొదలయ్యే ముందు ఒక చిన్న పీఠిక ఉంటుంది. ఆ పీఠికలో పధ్నాలుగు అమైనో ఆమ్లాల చిన్న గొలుసుకు సరిపడా రాత ఉంది. ఆ పధ్నాలుగింటిలో రెండు ట్రిప్టోఫాన్‌లు, అవీ పక్కపక్కనే. ట్రిప్టోఫాన్ ప్రోటీన్లలో అరుదు. పధ్నాలుగులో రెండు వరసగా ఉండడం కాకతాళీయం కాదు. పాలిమరేజ్ నకలు రాస్తూ ముందుకు పోతుంటే వెనకాలే రైబోసోమ్ పీఠికను చదువుతూ వస్తుంది. ట్రిప్టోఫాన్ దండిగా ఉంటే రైబోసోమ్ ఆగకుండా ఆ రెంటినీ దాటుతుంది. అప్పుడు నకలు పోగు ఒక రకంగా మడత పడుతుంది. ఆ మడత పాలిమరేజ్‌ను డీఎన్‌ఏ నుంచి ఊడగొడుతుంది. అయిదు జన్యువుల నకలు తయారు కాదు. ట్రిప్టోఫాన్ కరువైతే రైబోసోమ్ ఆ రెండు చోట్ల నిలిచిపోతుంది. చేర్చడానికి చేతిలో ట్రిప్టోఫాన్ లేదు మరి. రైబోసోమ్ అక్కడ నిలబడినందువల్ల నకలు పోగు మరో రకంగా మడత పడుతుంది. ఆ మడతలో పాలిమరేజ్‌ను ఊడగొట్టే శక్తి లేదు. పాలిమరేజ్ ముందుకు సాగి అయిదు జన్యువులనూ రాస్తుంది.

మళ్లీ చెప్పుకుంటే: రైబోసోమ్ సాఫీగా సాగితే రాత ఆగుతుంది. రైబోసోమ్ ఆగితే రాత సాగుతుంది. ఈ రెండో అదుపులో ట్రిప్టోఫాన్ ఎంత ఉందో కొలవడానికి వేరే కొలమానం లేదు. ప్రోటీన్ కట్టే యంత్రాంగమే కొలమానం. కేంద్రకం లేకపోవడం ఇక్కడే కలిసివచ్చింది. రాసేదీ చదివేదీ ఒకదాని వెనక ఒకటి నడవకపోతే ఈ ఏర్పాటు సాధ్యమయ్యేదే కాదు. కేంద్రకం లేకపోవడాన్ని లోపంగా చెప్పే పాఠాలకు ఈ ఒక్క ఉదాహరణ మంచి జవాబు.

నకలు తయారైన తరువాత కూడా అదుపు ఉంటుంది. రైబోసోమ్ నకలును ఎక్కడ నుంచి చదవాలో ఎలా తెలుసుకుంటుంది? 1974లో ఆస్ట్రేలియాలోని కాన్‌బెరాలో జాన్ షైన్, లిన్ డల్గార్నో దీనికి జవాబు కనుగొన్నారు. నకలులో చదవవలసిన చోటికి కొంచెం ముందు ఒక చిన్న అక్షరాల వరస ఉంటుంది. రైబోసోమ్‌లోని ఆర్‌ఎన్‌ఏ కొసతో అది జతకడుతుంది. ఆ వరస బయటికి కనిపిస్తేనే రైబోసోమ్ కూర్చుంటుంది. మడతలో దాగితే కూర్చోదు. లిస్టీరియా అనే రోగకారక బ్యాక్టీరియా దీన్ని ఉష్ణమాపకంగా వాడుకుంటుంది. అది మట్టిలోనూ బతుకుతుంది, మనిషి ఒంట్లోనూ బతుకుతుంది. మట్టిలో చల్లగా ఉన్నప్పుడు, దాని రోగకారక ప్రోటీన్లను నడిపించే ముఖ్య జన్యువు నకలు మడతపడి ఉంటుంది. 37 డిగ్రీల వేడికి ఆ మడత విడిపోతుంది. రైబోసోమ్ కూర్చుంటుంది. మనిషి ఒంట్లో ప్రవేశించానన్న సంగతి ఆ బ్యాక్టీరియాకు తెలిసే మార్గాల్లో ఇదొకటి. మరికొన్ని నకళ్లు విటమిన్ల వంటి చిన్న అణువులను నేరుగా పట్టుకుని మడత మార్చుకుంటాయి. వీటిని రైబోస్విచ్‌లు అంటారు. 2002 ప్రాంతంలో వెలుగులోకి వచ్చాయి. అదుపు చేయడానికి ప్రోటీనే ఉండాలన్న అభిప్రాయం అప్పటితో పోయింది.

ఒక్కో జన్యువును విడివిడిగా కాకుండా వందల జన్యువులను ఒకేసారి మార్చవలసిన సందర్భాలూ వస్తాయి. పాలిమరేజ్‌కు ఎక్కడ మొదలుపెట్టాలో చూపించే ప్రోటీన్ పేరు సిగ్మా. ఈ.కోలైలో సిగ్మాలు ఏడు రకాలు. మామూలు రోజుల్లో ఒక సిగ్మా పనిచేస్తుంది. వేడి హఠాత్తుగా పెరిగితే మరో సిగ్మా పెరిగి, చెడిపోతున్న ప్రోటీన్లను సరిచేసే జన్యువుల దగ్గరికి పాలిమరేజ్‌ను తీసుకెళ్తుంది. ఆకలి వచ్చినప్పుడు ఇంకో మార్పు జరుగుతుంది. అమైనో ఆమ్లాన్ని రైబోసోమ్‌కు మోసుకొచ్చే వాహక ఆర్‌ఎన్‌ఏ ఖాళీగా వస్తే, అక్కడే ఒక చిన్న అణువు తయారవుతుంది. 1969లో మైఖేల్ క్యాషెల్ దాన్ని గుర్తించారు. ఎక్కడి నుంచి వచ్చిందో తెలియని మచ్చలా కనిపించిందని దానికి మ్యాజిక్ స్పాట్ అని పేరు పడింది. ఆ అణువు పాలిమరేజ్‌ను పట్టుకుని, కొత్త రైబోసోముల తయారీని కుదిస్తుంది. రైబోసోములు కణానికి అన్నిటికంటే ఖరీదైన సామగ్రి. తిండి లేనప్పుడు మొదట ఆపవలసింది వాటినే. ఆగుతుంది కూడా.

ఈ అదుపులు మనిషికి మేలూ చేశాయి, చిక్కులూ తెచ్చాయి. మేలు ఇన్సులిన్‌తో మొదలైంది. 1978లో అమెరికాలో మనిషి ఇన్సులిన్ గొలుసుల జన్యువులను ఈ.కోలైలో పెట్టినప్పుడు, వాటిని బీటా గెలాక్టోసిడేజ్ జన్యువుకు అతికించి, లాక్టోజ్ అదుపు కిందనే ఉంచారు. పారిస్‌లో చక్కెర గీతగా మొదలైన అదే అదుపు. 1982లో ఆ ఇన్సులిన్ మందుగా అనుమతి పొందింది. అంతకు ముందు మధుమేహ రోగులు పశువులు, పందుల క్లోమం నుంచి తీసిన ఇన్సులిన్ మీద ఆధారపడేవారు.

చిక్కు యాంటీబయాటిక్స్‌తో వచ్చింది. బ్యాక్టీరియా రైబోసోమ్ మనిషి కణంలోని రైబోసోమ్ కంటే తేడాగా ఉంటుంది. దాన్ని మాత్రమే గట్టిగా దెబ్బతీసే మందు దొరికితే రోగి బతుకుతాడు, బ్యాక్టీరియా పోతుంది. టెట్రాసైక్లిన్ జాతి మందులు అలాంటివే. వాటిలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల నుంచి వెలువడింది. కనుగొన్నది బెంజమిన్ డగ్గర్. అప్పుడు అక్కడి పరిశోధనకు సారథి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ మందు లోకానికి తెలిసిన ఏడాదే ఆయన కన్నుమూశారు. టెట్రాసైక్లిన్ రైబోసోమ్‌లో ఎక్కడ అతుక్కుంటుందో 2000లో వెంకట్రామన్ రామకృష్ణన్ బృందం తీసిన చిత్రాల్లో అణువుల స్థాయిలో కనిపించింది. అమైనో ఆమ్లాన్ని మోసుకొచ్చే వాహక ఆర్‌ఎన్‌ఏ కూర్చోవలసిన చోట మందు అడ్డంగా ఉంటుంది. గొలుసు పెరగదు.

టెట్రాసైక్లిన్‌ను తట్టుకునే చాలా బ్యాక్టీరియాలో ఒక పంపు ప్రోటీన్ ఉంటుంది. మందును లోపలికి రాగానే బయటికి నెట్టేస్తుంది. ఆ పంపు ఎక్కువైతే కణానికే హాని. అందుకని దాని జన్యువును ఒక రిప్రెసర్ మూసి ఉంచుతుంది. మందు లోపలికి వచ్చినప్పుడు అది రిప్రెసర్‌ను పట్టుకుంటుంది. రిప్రెసర్ డీఎన్‌ఏను వదులుతుంది. పంపు తయారవుతుంది. ఇక్కడ కీలకం మోతాదు. రైబోసోములను ఆపడానికి కావలసిన మందు కంటే ఎంతో తక్కువ మందుకే ఈ రిప్రెసర్ తొలగిపోతుంది. మందు ప్రోటీన్ తయారీని ఆపగలిగేలోపే, మందును గెంటే ప్రోటీన్ తయారైపోతుంది. ఈ క్రమం తారుమారైతే నిరోధకతే ఉండదు.

ఎరిత్రోమైసిన్ విషయంలో కొన్ని స్టాఫిలోకాకస్ బ్యాక్టీరియా మరో దారి తొక్కాయి. ట్రిప్టోఫాన్ కథలోని పీఠిక ఇక్కడ మళ్లీ కనిపిస్తుంది. మందు తగిలిన రైబోసోమ్ పీఠిక చదువుతూ మధ్యలో నిలిచిపోతుంది. దాంతో నకలు మడత మారుతుంది. అంతవరకూ దాగి ఉన్న నిరోధక జన్యువు మొదలు బయటపడుతుంది. ఇంకా మందు తగలని రైబోసోములు దాన్ని చదివి, రైబోసోముల రూపాన్ని కొద్దిగా మార్చే ఎంజైమును తయారు చేస్తాయి. మారిన రైబోసోమ్‌కు మందు అతుక్కోదు. మందు చేసిన దెబ్బే మందుకు విరుగుడు తయారు చేయమన్న కబురుగా మారింది. యాంటీబయాటిక్‌ను చాలీచాలని మోతాదులో, అడ్డదిడ్డంగా వాడినప్పుడు ఈ అదుపులకు తగినంత సమయం దొరుకుతుంది. వైద్యుడు చెప్పిన మోతాదు, చెప్పినన్ని రోజులు అన్న మాటకు ఉన్న అనేక కారణాల్లో ఇదొకటి.

టెట్రాసైక్లిన్ రిప్రెసర్ ఇప్పుడు బ్యాక్టీరియా దాటి వచ్చింది. 1992లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో మన్‌ఫ్రెడ్ గాసెన్, హెర్మన్ బుయార్డ్ దాన్ని తీసుకుని, జన్యువులను పురికొల్పే మరో ప్రోటీన్ ముక్కను అతికించి, మనిషి కణాల్లో పెట్టారు. టెట్రాసైక్లిన్ లేనప్పుడు ఎంచుకున్న జన్యువు పనిచేసింది. మందు ఇస్తే ఆగింది. తరువాత దీన్ని తిరగేసిన రకమూ వచ్చింది, అందులో మందు ఇస్తేనే జన్యువు పనిచేస్తుంది. నేడు క్యాన్సర్, మెదడు జబ్బులను అధ్యయనం చేసే ప్రయోగశాలల్లో ఎలుకలకు తాగే నీటిలో డాక్సీసైక్లిన్ కలిపి, ఒక్క జన్యువును కావలసిన రోజున పనిచేయించి, కావలసిన రోజున ఆపుతున్నారు.